చలి లేని ఊళ్ళో కూలెంట్ ఎందుకంటే

"కూలెంట్ చలి దేశాలవాళ్ళకు కదండీ. మన హైదరాబాద్‌లో నీళ్ళు గడ్డకట్టేది ఎప్పుడు? మామూలు నీళ్ళు పోసుకుంటే సరిపోతుంది."

ఈ మాట మా స్టాఫ్ రూములో విన్నాను, మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో విన్నాను, ఆటోనగర్‌లో మెకానిక్‌ల నోటా విన్నాను. విన్న ప్రతిసారీ నాకు బాధే. ఎందుకంటే మన ఊరిలాంటి చోటే అది ఎక్కువ అవసరం. మే నెల సాయంత్రం, బయట నలభై డిగ్రీలు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా బండి నడిచేది తక్కువ, ఆగేది ఎక్కువ. ఏసీ ఫుల్లుగా ఉంటుంది. ముందు నుంచి గాలి కొట్టదు. అలాంటప్పుడు ఇంజన్‌ను కాపాడేది, లోపల తిరుగుతూ దాని వేడిని రేడియేటర్ దాకా మోసుకుపోయే ఆ నాలుగైదు లీటర్ల రంగు ద్రవమే. అదే కూలెంట్.

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. ఉండేది వనస్థలిపురం. కారు పదేళ్ళు దాటిన వ్యాగన్ఆర్, పెట్రోల్‌ది. బోనెట్ ఎత్తి చూసుకోవడం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. కూలెంట్ మీద శ్రద్ధ మాత్రం నా సబ్జెక్టు వల్ల వచ్చింది. బండిలో నేను క్లాసులో చెప్పే పాఠాలన్నీ ఒకేచోట కనిపించేది ఇక్కడే.

పెట్రోల్ మండితే వచ్చే వేడిలో ఇంచుమించు మూడో వంతే బండిని నడుపుతుంది. ఇంకో మూడో వంతు సైలెన్సర్ దారిన పోతుంది. మిగిలినదాన్ని బయటికి మోసుకుపోవాల్సింది కూలెంటే. సిలిండర్‌లో మంట రెండు వేల డిగ్రీలు దాటుతుంది. ఇప్పటి బండ్ల సిలిండర్ హెడ్, అంటే సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం, అల్యూమినియంది. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. ఆ మంటకూ కూలెంట్ పారే దారికీ మధ్య ఉండేది కొన్ని మిల్లీమీటర్ల లోహం మాత్రమే. ఒక్క నిమిషం ప్రవాహం ఆగినా ఏమవుతుందో ఊహించుకోండి.

ఇక మన ఊరి సంగతి. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. అందుకే మా ల్యాబ్‌లో నీళ్ళు వంద దగ్గర కాదు, 98 దగ్గరే మరుగుతాయి. ఇంజన్ మామూలుగా నడిచేదే 85 నుంచి 95 మధ్య. అంటే మూత తీసి ఉన్న రేడియేటర్‌లో మామూలు నీళ్ళు ఉంటే అవి ఎప్పుడూ మరగడానికి సిద్ధంగానే ఉంటాయన్నమాట. అందుకే రేడియేటర్ మూతలో స్ప్రింగు పెట్టారు. దాని మీద 0.9 అనో 1.1 అనో అచ్చు వేసి ఉంటుంది, అది ఎంత ఒత్తిడిని పట్టి ఉంచుతుందో చెప్పే అంకె. ప్రెషర్ కుక్కర్‌లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. 0.9 మూత సరిగా పట్టి ఉంటే మామూలు నీళ్ళే 115 దాటేదాకా మరగవు. సగం ఇథిలీన్ గ్లైకాల్ (కూలెంట్‌లో ఉండే ముఖ్యమైన రసాయనం), సగం నీళ్ళు ఉన్న కూలెంటైతే 125 దాకా తట్టుకుంటుంది. మే నెల ట్రాఫిక్‌లో ఆ పది డిగ్రీల తేడానే మనకు రక్ష.

మూత గురించి ఎవరూ పట్టించుకోరు. దాని రబ్బరు ఎండి పగిలితే ఒత్తిడి నిలవదు, కూలెంట్ కొత్తదైనా పొంగి పక్కనుండే రిజర్వ్ డబ్బాలోకి పోతుంది. ఆ మూతలోనే ఇంకో చిన్న వాల్వు ఉంటుంది. ఇంజన్ చల్లారినప్పుడు రిజర్వ్ డబ్బాలోంచి కూలెంట్‌ను వెనక్కి లాగేది అదే. అది పట్టేసిందంటే పొద్దున హోస్ పైపు నొక్కుకుపోయి చప్పిడిగా కనిపిస్తుంది. మూత ధర తక్కువే. రబ్బరు పోయిందనిపిస్తే అదే అంకె ఉన్న కొత్తది వేసుకోవాలి. ఎక్కువ అంకె ఉన్నది వేస్తే ఇంకా మంచిదనుకోకండి, ఆ ఒత్తిడికి పాత హోసులూ రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకూ పగలొచ్చు.

మా మెకానిక్ భాయ్ మొదట్లో నాతో వాదించేవాడు. "మేడం, వేడి గుంజాలంటే నీళ్ళకు మించింది లేదు. గీ ఎండలకు నీళ్ళే మంచిగ పనిచేస్తయ్." ఆయన మాటలో సగం నిజం ఉంది. వేడిని మోయడంలో నీళ్ళే గొప్పవి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.18 జౌళ్ళు కావాలి, గ్లైకాల్‌కు 2.4 చాలు. అందుకే "చిక్కగా ఉంటే మంచిది" అని నీళ్ళు కలపకుండా కాన్సెంట్రేట్‌ను అలాగే పోసేవాళ్ళు బండిని మరింత వేడెక్కిస్తున్నారు. అయితే ఆయన వదిలేసిన రెండో సగం తుప్పు సంగతి. నీళ్ళు వేడిని మోస్తాయి కానీ లోహాన్ని కాపాడవు.

ఇంటర్ పిల్లలకు ఎలక్ట్రోకెమికల్ శ్రేణి (ఏ లోహం ఎంత తేలిగ్గా కరుగుతుందో చూపే పట్టిక) చెప్పేటప్పుడు నేను బోర్డు మీద రేడియేటర్ బొమ్మ వేస్తాను. అల్యూమినియం మైనస్ 1.66 వోల్టులు, ఇనుము మైనస్ 0.44, రాగి ప్లస్ 0.34. ఈ లోహాలు ఒకదానికొకటి తగులుతూ, మధ్యలో లవణాలున్న నీరు ఉంటే అది బ్యాటరీ సెల్ కాక మరేమిటి? అల్యూమినియం కొద్దికొద్దిగా కరిగిపోతూనే ఉంటుంది. కూలెంట్‌లో కలిపే ఇన్‌హిబిటర్లు లోహం మీద పలుచని పొరలాగా ఏర్పడి దాన్ని ఆపుతాయి. వాటర్ పంపు సీలును కూడా కాపాడతాయి. నా దృష్టిలో కూలెంట్ డబ్బా మీద పెట్టే డబ్బుకు అసలు ఫలితం ఇదే. గడ్డకట్టకుండా ఆపడం మనకు అక్కర్లేకపోయినా వచ్చే గుణం.

బోరు నీళ్ళు

ఈ విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మా కాలనీలో ఎండాకాలం నల్లా నీళ్ళు చాలక బోరు మీద ఆధారపడతాం. ఆ నీళ్ళు ఒకసారి ల్యాబ్‌కు పట్టుకెళ్ళి ఈడీటీఏతో టైట్రేషన్, అంటే నీటి కఠినత్వం కొలిచే పరీక్ష, చేశాను. కఠినత్వం లీటరుకు 600 మిల్లీగ్రాములు దాటింది. తాగునీటికి మన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 దాకా ఉండొచ్చు, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. అంటే మా బోరు నీళ్ళు ఆ చివరి గీత కూడా దాటాయి. గీజర్ విప్పి చూసినవాళ్ళకు తెలుసు, లోపల రాడ్డు మీద తెల్లగా సున్నం పేరుకుపోయి ఉంటుంది. నీటిలోని కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా మారి అక్కడే అంటుకుంటుంది. ఇంజన్‌లోనూ సరిగ్గా అదే జరుగుతుంది. ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే, అంటే ఎగ్జాస్ట్ వాల్వుల పక్కన, ఆ పొర కడుతుంది. ఆ తెల్ల పొరలోంచి వేడి సరిగా దాటదు. ఇంజన్ వేడి చూపే గేజ్ ముల్లు మామూలుగానే ఉన్నా ఆ ఒక్క మూల లోహం కాలిపోతూ ఉంటుంది. పైగా బోరు నీటిలోని క్లోరైడ్లు అల్యూమినియంలో గుంటలు చేస్తాయి. ఆ గుంటే కొన్నాళ్ళకు చిల్లు.

మా తమ్ముడు ఒక పాత కారు కొన్నాడు. పెయింట్, టైర్లు, సీట్లు అన్నీ బాగున్నాయి. రెండో నెలలో సూర్యాపేట పోతుంటే చిట్యాల దాటాక ఎర్ర లైటు వెలిగింది. ఇంకో ఐదు కిలోమీటర్లే కదా అని వెంట ఉన్నవాళ్ళు అంటే నడిపాడు. హెడ్ గాస్కెట్ (హెడ్‌కూ ఇంజన్ దిమ్మకూ మధ్య ఉండే సీలు) పోయింది, హెడ్ వంగింది. లేత్‌కు పంపి ఫేసింగ్ కొట్టించి (వంగిన హెడ్‌ను చదును చేయించి), గాస్కెట్ వేసి, రేడియేటర్ మార్చేసరికి నలభై వేలు దాటింది. రేడియేటర్ విప్పినప్పుడు నేనూ వెళ్ళి చూశాను. అందులోంచి వచ్చింది కూలెంట్ కాదు, ఇటుక రంగు నీళ్ళు. కింది గొట్టాల్లో బురద. పీహెచ్ పేపరు ముంచితే ఆరు కూడా లేదు, అంటే ఆమ్లంగా మారిపోయింది. పాత యజమాని ఏళ్ళ తరబడి కుళాయి దగ్గర చెంబుతో పట్టి పోసినట్టున్నాడు. తమ్ముడి మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. కొత్త ఉద్యోగం, అప్పు చేసి కొన్న బండి.

పెద్దవాళ్ళు మామూలు నీళ్ళు చాలంటే నేను వాళ్ళను తప్పుపట్టను. మా నాన్నకు అంబాసిడర్ ఉండేది. నల్గొండ నుంచి శ్రీశైలం పోతే డిక్కీలో నీళ్ళ క్యాను తప్పనిసరి. మన్ననూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు ఒకచోట ఆపి, రేడియేటర్ చల్లారాక నీళ్ళు పోసేవాడు. ఆ బండికి అది నడిచింది. ఎందుకంటే దాని ఇంజన్ దిమ్మ, హెడ్ బరువైన పోత ఇనుము. రేడియేటర్ రాగి, ఇత్తడి. చిల్లు పడితే టంకం వేసేవాళ్ళు, సున్నం పడితే ట్యాంకు ఊడదీసి గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేసేవాళ్ళు. ఇప్పటి రేడియేటర్ గోరు మందం లేని అల్యూమినియం గొట్టాలు, పక్కన ప్లాస్టిక్ ట్యాంకులు. దీన్ని విప్పి గోకడం కుదరదు. సలహా అప్పటిది, లోహం ఇప్పటిది.

రంగు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆకుపచ్చ, ఎరుపు, గులాబి, నీలం ఇవన్నీ కంపెనీలు కలిపే రంగులే. రంగు చూసి లోపల ఏముందో చెప్పలేం. పాత పద్ధతి సిలికేట్, ఫాస్ఫేట్ రకాలు మామూలుగా రెండేళ్ళకు మార్చాలి. ఆర్గానిక్ యాసిడ్ రకాలు ఐదేళ్ళ దాకా వస్తాయి. రెండూ కలిపితే ఇన్‌హిబిటర్లు ఒకదాన్నొకటి దెబ్బతీసి ఆయుష్షు తగ్గుతుంది, కొన్నిసార్లు జెల్లీలా గడ్డకడతాయి కూడా. మీ బండి మాన్యువల్‌లో ఏది రాశారో అదే వాడండి. డబ్బా మీద ఐఎస్ 5759, జేఐఎస్ కే 2234, ఏఎస్‌టీఎం డీ3306 లాంటి ప్రమాణం ఏదో ఒకటి రాసి ఉందో లేదో చూడండి. ఏమీ రాయని చవక డబ్బాల్లో రంగు నీళ్ళు తప్ప ఏమీ ఉండకపోవచ్చు. రాణీగంజ్‌లో స్పేర్ పార్టుల షాపుకు పోయినప్పుడు నేను డబ్బా తిప్పి వెనక చదివిగానీ డబ్బులివ్వను. "రెడీ టు యూజ్" అని ఉంటే అందులో మళ్ళీ నీళ్ళు కలపకూడదు. కాన్సెంట్రేట్ అయితే కలపాల్సింది డిస్టిల్డ్ వాటర్, బ్యాటరీలో పోసేది.

నేను చేసేది ఆదివారం పొద్దున బండి స్టార్ట్ చేయకముందు డబ్బాలో మట్టం చూడటం. మినిమమ్, మ్యాక్సిమమ్ గీతల మధ్య ఉండాలి. వారానికి వారం తగ్గుతుంటే అది ఎక్కడికో పోతున్నట్టే. మూసి ఉన్న వ్యవస్థలో కూలెంట్ దానంతటది ఆవిరై మాయం కాదు. హోస్ క్లిప్పుల దగ్గర, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం దగ్గర, రేడియేటర్‌లో అల్యూమినియానికి ప్లాస్టిక్ అతికే అంచు దగ్గర టార్చి వేసి చూడండి. ఎండిపోయిన లీకు తెల్లటి, గులాబి చారలుగా కనిపిస్తుంది. డ్రైవర్ పక్క సీటు కింద కార్పెట్ తడిగా ఉండి, కారులో తియ్యటి వాసన వస్తూ, అద్దం మీద జిడ్డు పొగమంచు పడుతుంటే హీటర్ కోర్ (కారు లోపలికి వేడి గాలి ఇచ్చే భాగం) కారుతున్నట్టు. బయట ఎక్కడా తడి లేకుండా తగ్గుతుంటే మాత్రం భయపడాలి. ఆయిల్ మూత విప్పి లోపల మీగడలాంటిది ఉందేమో చూడండి, సైలెన్సర్‌లోంచి ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ వస్తోందేమో చూడండి. అది గాస్కెట్ సూచన.

థర్మోస్టాట్ గురించి నాకు చాలా కోపముంది. ఎండాకాలం రాగానే కొందరు మెకానిక్‌లు ఆ వాల్వు తీసి పక్కన పెడతారు, "ఇప్పుడు ఇంజన్ చల్లగ నడుస్తది" అని. థర్మోస్టాట్‌లో ఉండేది మైనం. 82 డిగ్రీల దగ్గర్లో కరిగి వ్యాకోచించి కడ్డీని నెడుతుంది, దారి తెరుచుకుంటుంది. అప్పటిదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఇంజన్ త్వరగా తన వేడికి చేరేలా చూస్తుంది. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి చేరదు, బండిలోని కంప్యూటర్ ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, మండని పెట్రోల్, తేమ ఆయిల్‌లో కలుస్తాయి. బండి వేడెక్కడానికి అసలు కారణం వేరే ఎక్కడో ఉంటే అది అలాగే ఉండిపోతుంది. మీ థర్మోస్టాట్ పాడైందని ఎవరైనా అంటే దాన్ని ఇంటికి తెచ్చుకోండి. పనికిరాని పాత గిన్నెలో నీళ్ళు పోసి, దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి స్టవ్ వెలిగించండి. దాని మీద అచ్చు వేసిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై, చల్లారితే మూసుకుందంటే అది బాగున్నట్టే. నేను చేసి చూపించాక మా భాయ్ వాల్వులు ఊరికే తీసేయడం మానేశాడు.

ఫ్యాను తిరుగుతోందో లేదో కూడా ఎండలు ముదరకముందే చూసుకోవాలి. బండి ఆపి, ఇంజన్ నడుస్తుండగా ఏసీ వేస్తే కొద్దిసేపట్లో ఫ్యాను శబ్దం వినిపించాలి. వినిపించకపోతే ఫ్యూజో రిలేనో చూపించండి. రేడియేటర్ ముందు ఏసీ కండెన్సర్ ఉంటుంది, ఆ రెంటి మధ్య దుమ్ము, ఔటర్ రింగ్ రోడ్డు మీద వానాకాలం రాత్రి గుద్దుకునే పురుగులు పేరుకుంటాయి. మామూలు పైపుతో మెల్లగా కడగండి. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే సన్న రేకులు వంగి గాలి దారి మూసుకుపోతుంది.

దారిలో ముల్లు పైకి పోతే ఏసీ ఆపేసి, హీటర్ ఫుల్లుగా పెట్టండి. ఎండలో నరకమే, అయినా హీటర్ కోర్ కూడా ఒక చిన్న రేడియేటర్, కొంత వేడి బయటికి తీస్తుంది. పక్కకు తీసి ఆపేయండి. చాలా చిన్న కార్లలో ముల్లే ఉండదు, చల్లగా ఉన్నప్పుడు నీలం లైటు, మితిమీరితే ఎర్ర లైటు, అంతే. ఎర్ర లైటు వెలిగిందంటే ఆలోచించే సమయం అయిపోయినట్టు, అక్కడే ఆపాలి. ఒక్కోసారి కూలెంట్ అంతా కారిపోతే సెన్సర్ చుట్టూ ద్రవం లేక లైటు సరిగా వెలగకపోవచ్చు కూడా, అందుకే ఆవిరి, వాసన వస్తే లైటును నమ్ముకోవద్దు. వేడి మీద మూత ముట్టుకోవద్దు. ఒత్తిడి తగ్గగానే లోపలిదంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి, పై హోస్ పైపు చేతికి చల్లగా, మెత్తగా తగిలేదాకా. కాగిన ఇంజన్ మీద చల్లటి నీళ్ళు కుమ్మరిస్తే హెడ్ పగలొచ్చు. దారిలో వేరే గతి లేక సీసా నీళ్ళు పోసి ఇంటికి చేరితే తప్పేం లేదు, కానీ ఆ వారంలోనే మొత్తం తీసి మళ్ళీ నింపించండి.

మొత్తం మార్చేటప్పుడు నేను పక్కనే ఉంటాను. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి. హీటర్ నాబ్ వేడి వైపు తిప్పి, రేడియేటర్ కింద ప్లగ్గు విప్పి వదలాలి. డిస్టిల్డ్ వాటర్ నింపి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడిపి, చల్లార్చి మళ్ళీ వదలాలి. తేటగా వచ్చేదాకా ఇలాగే. ఇక్కడ చాలామంది గమనించని లెక్క ఒకటుంది. కింద ప్లగ్గు విప్పినా ఇంజన్ దిమ్మలో కొన్ని కడిగిన నీళ్ళు మిగిలే ఉంటాయి. అందులో సగం సగం కలిపిన కూలెంట్ పోస్తే మొత్తం పలచబడుతుంది. అందుకని మాన్యువల్‌లో మొత్తం పరిమాణం నాలుగు లీటర్లని ఉంటే, ముందు రెండు లీటర్ల కాన్సెంట్రేట్ పోసి, ఆ పైన పట్టినంత డిస్టిల్డ్ వాటర్ పోయిస్తాను. అప్పుడు పాళ్ళు సరిగ్గా వస్తాయి. తర్వాత మూత తీసి ఉంచి ఇంజన్ నడిపిస్తూ పై హోసును మెల్లగా నొక్కుతుంటే గాలి బుడగలు బయటికి వస్తాయి. గాలి లోపల చిక్కుకుంటే కొత్త కూలెంట్‌తో కూడా బండి వేడెక్కుతుంది. ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగాక మూత పెట్టి, మర్నాడు పొద్దున మట్టం చూసి తక్కువైతే పోయాలి.

కొత్త కూలెంట్ క్షార గుణంతో ఉంటుంది. వాడగా వాడగా గ్లైకాల్ ఆక్సీకరణం చెంది గ్లైకాలిక్, ఫార్మిక్ ఆమ్లాలవుతుంది. ఏడాదికోసారి పీహెచ్ పేపరు ముంచి చూస్తాను. ఏడు దగ్గరికి దిగితే గడువు మిగిలి ఉన్నా మార్చేస్తాను. ఆ పేపరు పుస్తకం కెమికల్ షాపుల్లో తక్కువ ధరకే దొరుకుతుంది.

తీసిన పాత కూలెంట్‌ను మోరీలో పోయనివ్వకండి, పళ్ళెంలో తెరిచి ఉంచనివ్వకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. మెకానిక్ షెడ్ల దగ్గర తిరిగే కుక్కలు ఎండాకాలం దాహానికి నాకుతాయి. ఒంట్లోకి పోయాక అది ఆక్సాలిక్ ఆమ్లమై, కాల్షియంతో కలిసి మూత్రపిండాల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది. కొంచెం తాగినా బతకడం కష్టం. చిన్న పిల్లలకూ అదే ప్రమాదం, అందుకే శీతల పానీయాల సీసాల్లో మిగిలిన కూలెంట్ ఎప్పుడూ దాచకూడదు. మా భాయ్ షెడ్‌లో పాత ఆయిల్ డ్రమ్ము పక్కన దీనికని మూత ఉన్న వేరే డ్రమ్ము పెట్టించాను. రెండూ కలిస్తే ఆయిల్ కొనేవాళ్ళు తీసుకోరు కాబట్టి ఆయనకూ అది లాభమే. ఇప్పుడు పక్క షెడ్లవాళ్ళు కూడా అందులోనే తెచ్చి పోస్తున్నారు.